లెక్క తేలాల్సింది ఎక్కడ? 1984 ఆగస్టు మనకు చెప్పే పాఠం

మన రాష్ట్రాల్లో ఓట్ల లెక్కింపు ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. మక్కాలో అప్పటికి తెల్లవారుజామున ఐదున్నర. ఫజర్ నమాజు ముగించుకుని డ్యూటీ బస్సు ఎక్కే వేళకే మనవాళ్ల ఫోన్లలో ఆధిక్యాలు రావడం మొదలవుతుంది. మధ్యాహ్నానికి ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో తేలిపోతుంది. అసలు గొడవ మాత్రం ఆ తర్వాతే మొదలవుతుంది. "ఇది గెలుపే కాదు, మోసం" అని ఒకరు, "ఓడిన ఏడుపు" అని ఇంకొకరు. ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకునేవాళ్లు వారం రోజులు మాట్లాడుకోకుండా ఉండటం మనం చూస్తూనే ఉన్నాం.

ఈ వ్యాసం రాస్తున్న మేము కంపెనీ ఆఫీసుల్లో హాజరు పట్టీలు, జీతాల లెక్కలు రాసుకునే గుమాస్తాలం. ఏ పార్టీ తరఫునా మాట్లాడడం లేదు. ఎన్నికల ఫలితాన్ని ఓడినవాళ్లు ప్రశ్నించవచ్చా? ప్రశ్నిస్తే ఎక్కడ ప్రశ్నించాలి? ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వాన్ని దొడ్డిదారిన దించేస్తే ఏమవుతుంది? ఈ మూడు ప్రశ్నలకూ జవాబు మన తెలుగు గడ్డ చరిత్రలోనే ఉంది. నలభై ఏళ్లు దాటిన ఆ సంగతులు ఈనాటి కుర్రవాళ్లకు తెలియవు. అందుకే ఒకసారి గుర్తు చేసుకుందాం.

నెల రోజుల ముఖ్యమంత్రి

1982 మార్చి 29న సినీ నటుడు నందమూరి తారక రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. పది నెలలు తిరగకుండానే, 1983 జనవరిలో జరిగిన శాసనసభ ఎన్నికల్లో 294 స్థానాలకు గాను రెండు వందలకు పైగా ఆ పార్టీ గెలిచింది. రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి కాంగ్రెస్ చేతిలోనే ఉన్న అధికారం మొదటిసారి చేయి మారింది. ఆ ఫలితాన్ని కాంగ్రెస్ అంగీకరించింది. ఎక్కడా పేచీ రాలేదు.

పేచీ వచ్చింది ఏడాదిన్నర తర్వాత. 1984లో రామారావు గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్లారు. ఆగస్టు నడిమికి తిరిగి వచ్చేసరికి, ఆయన మంత్రివర్గంలోనే ఉన్న నాదెండ్ల భాస్కరరావు, మెజారిటీ ఎమ్మెల్యేలు తన వెంట ఉన్నారని గవర్నర్ రామ్‌లాల్‌కు చెప్పారు. కాంగ్రెస్ కూడా ఆయనకు మద్దతు పలికింది. సభను పిలిస్తే తన బలం చూపిస్తానని రామారావు అడిగారు. ఎమ్మెల్యేలను వెంటబెట్టుకుని రాజ్‌భవన్‌కు కూడా వెళ్లారు. గవర్నర్ వినలేదు. 1984 ఆగస్టు 16న రామారావును బర్తరఫ్ చేసి, భాస్కరరావుతో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. బలం నిరూపించుకోవడానికి కొత్త ముఖ్యమంత్రికి నెల రోజులు గడువు ఇచ్చారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఉన్న ముఖ్యమంత్రి రెండు మూడు రోజుల్లో లెక్క చూపిస్తానంటే కుదరదన్నారు. కొత్తగా వచ్చినాయనకు మాత్రం నెల రోజులు ఇచ్చారు. ఆ నెల రోజులు దేనికి? ఎమ్మెల్యేలను తిప్పుకోవడానికే అని జనానికి అర్థమైపోయింది.

రామారావు తన ఎమ్మెల్యేలను కాపాడుకోవడానికి మొదట హైదరాబాద్‌లోని తన స్టూడియోలో ఉంచారు. తర్వాత వారిని ఢిల్లీ తీసుకెళ్లి రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ ముందు నిలబెట్టారు. ఆపరేషన్ జరిగి ఎన్నో రోజులు కాని మనిషి చక్రాల కుర్చీలో రాష్ట్రపతి భవన్‌కు వెళ్లిన ఫొటో దేశమంతా చూసింది. ఆ తర్వాత ఎమ్మెల్యేలను పక్కనున్న కర్ణాటకకు తరలించారు. అక్కడ రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రిగా ఉన్నారు.

ఇటు రాష్ట్రంలో ఊరూరా బందులు, ఊరేగింపులు. కమ్యూనిస్టులు, జనతా, భారతీయ జనతా పార్టీ నాయకులు, అంటే ఒకరికొకరు పడనివాళ్లంతా ఒకే వేదిక ఎక్కారు. రామారావు పాలన నచ్చనివాళ్లు కూడా "ఆయన మంచివాడా కాదా అన్నది వేరే మాట, దించితే మేమే దించాలి" అన్నారు. పోలీసు కాల్పుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆగస్టు ముగిసేలోపే గవర్నర్ రామ్‌లాల్ వెళ్లిపోయారు. ఆయన స్థానంలో శంకర్ దయాళ్ శర్మ వచ్చారు. సెప్టెంబరులో శాసనసభ సమావేశమైనా గందరగోళంతో ఓటింగు జరగలేదు. భాస్కరరావు బలం చూపలేకపోయారు. సెప్టెంబరు 16న శర్మ గారు రామారావు చేత మళ్లీ ప్రమాణం చేయించారు. నాలుగు రోజుల తర్వాత సభలో ఆయన మెజారిటీ రుజువైంది.

ఆ నెలలో ఏది ప్రమాదంలో పడింది?

"చివరికి న్యాయమే గెలిచింది కదా" అని ఈ కథను ముగించేస్తే అసలు పాఠం మిగలదు. ఆ నెల రోజుల్లో మూడు నష్టాలు జరిగాయి.

మొదటిది, ఆఫీసుల్లో పని ఆగింది. ఎవరు ముఖ్యమంత్రిగా ఉంటారో తెలియనప్పుడు ఏ అధికారి ఫైలు మీద సంతకం పెడతాడు? ఏ పోలీసు అధికారి ఎవరి మాట వింటాడు? అదే సెప్టెంబరులో హైదరాబాద్ పాతబస్తీలో మతకలహాలు జరిగి కర్ఫ్యూ పెట్టారు. కుర్చీ ఎవరిదో తెలియని రోజుల్లో పేదల బస్తీలకు కాపలా ఎవరు? పెద్దల పేచీలో ముందుగా కాలేది పేదవాడి గుడిసే.

రెండోది, ఎమ్మెల్యేలను మందలా తోలుకెళ్లి దాచే అలవాటు. రామారావు వైపు న్యాయం ఉన్నా ఆ క్యాంపులు మాత్రం మంచి సంప్రదాయం కాదు. తర్వాతి కాలంలో ఏ రాష్ట్రంలో బలపరీక్ష వచ్చినా ఎమ్మెల్యేలు రిసార్టుకు బస్సు ఎక్కడం మామూలైపోయింది.

మూడోది అన్నిటికంటే పెద్దది. "మనం ఓటేసి ఏం లాభం, పైవాళ్లు అనుకున్నదే జరుగుతుంది" అన్న మాట జనం నోట పడింది. ఓటు మీద నమ్మకం ఒకసారి పోతే మళ్లీ తెచ్చుకోవడం కష్టం. ఆ నమ్మకం నిలిచిందంటే దానికి కారణం జనమే. 1984 డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీచినా, ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 30 తెలుగుదేశానికి వచ్చాయి. 1985 మార్చిలో శాసనసభ ఎన్నికలు జరిపితే మళ్లీ 200కు పైగా స్థానాలు వచ్చాయి. వీధిలో చెప్పిన మాటనే జనం ఓటు పెట్టెలో కూడా చెప్పారు.

కోర్టు మెట్లు ఎక్కిన ఫలితాలు

ఫలితాన్ని ప్రశ్నించడం తప్పా? కానే కాదు. ప్రశ్నించడానికి చట్టం ఒక దారి పెట్టింది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. ఆ నియోజకవర్గంలో పోటీ చేసిన అభ్యర్థి వేయవచ్చు, మామూలు ఓటరు కూడా వేయవచ్చు.

ఇది కాగితం మీది మాట మాత్రమే కాదు. 1967లో మర్రి చెన్నారెడ్డి తాండూరు నుంచి శాసనసభకు గెలిచారు. తర్వాత కేంద్రమంత్రి కూడా అయ్యారు. ఎన్నికల్లో అక్రమాలు జరిగాయని వందేమాతరం రామచంద్రరావు కోర్టుకు వెళ్లారు. 1968లో హైకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. సుప్రీంకోర్టు కూడా దాన్నే సమర్థించింది. చెన్నారెడ్డి కేంద్రమంత్రి పదవి వదులుకున్నారు. ఆరేళ్లు పోటీకి అనర్హులయ్యారు. అంత పెద్ద నాయకుడు కూడా తీర్పుకు తలవంచారు. 1969 తెలంగాణ ఉద్యమానికి నాయకత్వం వహించి, 1971 లోక్‌సభ ఎన్నికల్లో తన తెలంగాణ ప్రజాసమితికి 10 స్థానాలు గెలిపించుకున్నారు. తర్వాత రెండుసార్లు ముఖ్యమంత్రి కూడా అయ్యారు. కోర్టులో ఓడినవాడికి ప్రజల దగ్గర తలుపు మూసుకుపోదు అనడానికి ఇదే సాక్ష్యం.

దీనికి విరుద్ధంగా జరిగినది కూడా ఉంది. 1971లో రాయ్‌బరేలీలో ఇందిరాగాంధీ లక్షకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు. ఓడిన రాజ్‌నారాయణ్ కేసు వేశారు. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు జడ్జి జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఆ ఎన్నిక చెల్లదని తీర్పు ఇచ్చారు. రెండు వారాలు కాకముందే, జూన్ 25 రాత్రి దేశంలో ఎమర్జెన్సీ ప్రకటించారు. ప్రతిపక్ష నాయకులు జైళ్లకు వెళ్లారు. పత్రికలకు సెన్సారు వచ్చింది. ప్రధాని ఎన్నికను కోర్టులు విచారించకూడదని రాజ్యాంగాన్నే సవరించారు. ఒక్క నియోజకవర్గం తగాదా దేశం మొత్తం స్వేచ్ఛను మింగేసింది.

అయితే 1977 ఎన్నికల్లో ఓడిపోయాక అదే ఇందిరాగాంధీ పదవి దిగిపోయారు. అప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. నంద్యాలలో ఒక్క నీలం సంజీవరెడ్డి మాత్రం జనతా తరఫున గెలిచారు. మన రాష్ట్రం ఒకటి చెబితే దేశం ఇంకొకటి చెప్పింది. "మా ఓటు ఇటు పడింది, ఢిల్లీలో ఆ ప్రభుత్వాన్ని ఒప్పుకోం" అని మనవాళ్లు ఎవరూ అనలేదు. ఓడినవాడి ఒప్పుదల అంటే ఇదే.

పక్క మంచం అన్న దగ్గర ఉన్న చరిత్ర

మన క్యాంపుల్లో బంగ్లాదేశ్ వాళ్లు, పాకిస్తాన్ వాళ్లు మనతోపాటే ఉంటారు. వాళ్ల రెండు దేశాలు ఒకప్పుడు ఒకే దేశం. అది రెండుగా చీలడానికి దగ్గరి కారణం ఒక ఎన్నికల ఫలితమే. 1970 డిసెంబరులో పాకిస్తాన్‌లో జరిగిన ఎన్నికల్లో తూర్పు భాగంలోని 162 స్థానాల్లో 160 షేక్ ముజిబుర్ రహ్మాన్ నాయకత్వంలోని అవామీ లీగ్‌కు వచ్చాయి. దేశం మొత్తం మీద కూడా మెజారిటీ దానిదే. కానీ పడమటి వైపు పెద్దలకు ఆ ఫలితం నచ్చలేదు. జనరల్ యాహ్యాఖాన్ 1971 మార్చి 1న పార్లమెంటు సమావేశాన్ని వాయిదా వేశారు. మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా మీద పడింది. ఆ ఏడాది డిసెంబరు 16 నాటికి దేశమే రెండైంది. లక్షల మంది చనిపోయారు, కోటి మంది దాకా శరణార్థులై మన దేశంలోకి వచ్చారు. అక్కడ లెక్కలో తేడా ఎవరూ చూపలేదు. లెక్క తేలినా ఒప్పుకోలేదు, అంతే.

అమెరికాలోనూ ఈ రెండు రకాలూ జరిగాయి. 2000 సంవత్సరంలో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడా మీద అధ్యక్ష పదవి ఆగింది. సుప్రీంకోర్టు తీర్పు నచ్చకపోయినా అల్ గోర్ మర్నాడే ఓటమి ఒప్పుకున్నారు. 2020 ఎన్నిక తర్వాత డొనాల్డ్ ట్రంప్ ఒప్పుకోలేదు. ఆయన తరఫువాళ్లు వేసిన కేసులు కోర్టుల్లో నిలబడలేదు. 2021 జనవరి 6న గుంపు పార్లమెంటు భవనం మీదికి దూసుకెళ్లింది. రెండు వందల ఏళ్ల అనుభవం ఉన్న దేశానికే ఆ గతి పట్టిందంటే మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి?

మక్కా నేర్పే మాట

ఈ నగరంలో ఉంటూ ఒక విషయం చెప్పుకోకపోతే వెలితిగా ఉంటుంది. ప్రవక్త ముహమ్మద్ (స) వారికి ఇంకా ప్రవక్త పదవి రాని రోజుల్లో, ఖురైషీలు కాబా గృహాన్ని తిరిగి కట్టారు. హజరె అస్వద్ రాయిని దాని స్థానంలో ఎవరు పెట్టాలన్న దగ్గర తెగల మధ్య పేచీ వచ్చింది. కత్తులు దూసేదాకా పోయింది. చివరికి ఒక పెద్దమనిషి సలహాతో, ముందుగా లోపలికి వచ్చేవారు తీర్పు చెప్పాలని అందరూ ఒప్పుకున్నారు. వచ్చినవారు ముహమ్మద్ (స). ఆయన ఒక వస్త్రం పరిచి, రాయిని అందులో ఉంచి, ప్రతి తెగ నాయకుడినీ ఒక్కొక్క అంచు పట్టమన్నారు. తర్వాత తన చేతులతో రాయిని స్థానంలో పెట్టారు. సీరా గ్రంథాలు చెప్పే ఈ సంఘటన మనలో చాలామందికి తెలిసిందే.

ఇది ఎన్నిక కాదు, దాన్ని ఎన్నికతో సమానం చేయడం మా ఉద్దేశం కాదు. అయినా అందులో ఒక గొప్ప నీతి ఉంది. ఎవరు వస్తారో తెలియకముందే అందరూ పద్ధతికి ఒప్పుకున్నారు. వచ్చాక ఎవరూ మాట మార్చలేదు. తీర్పులో ఎవరినీ బయటికి నెట్టలేదు. ఎన్నికల న్యాయం కూడా ఇదే. పద్ధతి ముందు, ఫలితం తర్వాత.

చట్టం ఎంతవరకు ఆపగలిగింది?

1984 అనుభవం ఊరికే పోలేదు. 1985లో పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చింది. మూడో వంతు మంది చీలితే చెల్లుతుందన్న వెసులుబాటును 2003లో తీసేశారు. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వానికి బలం ఉందో లేదో తేలాల్సింది సభలోనే గాని గవర్నర్ గదిలో కాదని స్పష్టం చేసింది.

అయినా సందులు మిగిలాయి. 1994 డిసెంబరులో భారీ మెజారిటీతో గెలిచిన రామారావు, 1995 ఆగస్టులో సొంత ఎమ్మెల్యేలే చంద్రబాబు నాయుడు వైపు వెళ్లిపోవడంతో పదవి కోల్పోయారు. ఈసారి తలల లెక్క అటే ఉంది. కానీ ప్రజలు ఓటు వేసింది ఎవరిని చూసి అన్న ప్రశ్నకు ఇప్పటికీ అందరూ ఒకే జవాబు చెప్పరు. 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైసీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలో చేరారు. తెలంగాణలో 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలను టీఆర్ఎస్‌లో విలీనమైనట్టు గుర్తించారు. 2023 ఎన్నికల తర్వాత బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లడం సుప్రీంకోర్టు దాకా వచ్చింది. ఏ పార్టీకీ ఇందులో మినహాయింపు లేదు. ఒక గుర్తుకు వేసిన ఓటు ఇంకో గుర్తు కింద తేలితే ఫలితాన్ని మార్చినట్టే కదా!

ఇక మిషన్ల మీద అనుమానం. 2019లో వైసీపీకి 175లో 151 స్థానాలు వచ్చాయి. ఆ ఎన్నికల సమయంలో ఈవీఎంల మీద గట్టిగా అనుమానాలు లేపింది తెలుగుదేశం. 2024లో కూటమికి 164, వైసీపీకి 11 వచ్చాయి. అప్పుడు అనుమానాలు లేపింది వైసీపీ. అంటే మిషన్ మీద నమ్మకం మన దగ్గర గెలుపు ఓటములను బట్టి చేతులు మారుతోంది. కానీ ఒక మంచి విషయం మరిచిపోకూడదు. 2019లో చంద్రబాబు నాయుడు, 2023లో చంద్రశేఖరరావు, 2024లో జగన్మోహన్ రెడ్డి, ముగ్గురూ ఫలితం వచ్చిన రోజే రాజీనామా చేశారు. నోటితో ఎన్ని అన్నా కుర్చీని అంటిపెట్టుకుని కూర్చోలేదు. ఈ సంప్రదాయమే మనకున్న ఆస్తి.

హాజరు పట్టీ లాంటి కాగితం

ఓవర్‌టైమ్ గంటల మీద తగాదా వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మాకు బాగా తెలుసు. ఫోర్‌మన్ ఒక లెక్క చెబుతాడు, కార్మికుడు ఇంకో లెక్క చెబుతాడు. రోజూ సంతకం పెట్టిన పట్టీ నకలు కార్మికుడి దగ్గర ఉంటే పది నిమిషాల్లో తేలిపోతుంది. లేకపోతే గొంతు పెద్దదైనవాడిదే గెలుపు.

ఎన్నికల్లోనూ అలాంటి నకలు ఉంది. పోలింగు ముగిశాక ప్రతి బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసిన ఫారం 17-సి కాపీని అక్కడున్న పార్టీల ఏజెంట్లకు ఇస్తారు. వీవీప్యాట్ అద్దంలో మన ఓటు చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. ప్రతి శాసనసభ సెగ్మెంటులో ఐదు బూత్‌ల చీటీలు లెక్కించి మిషన్ లెక్కతో పోల్చాలని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఏడు రోజుల్లోపు కోరితే ఐదు శాతం మిషన్లను పరీక్షించవచ్చని 2024 ఏప్రిల్‌లో తీర్పు ఇచ్చింది. ఇవి చాలునా అంటే, చాలవనేవారూ ఉన్నారు. ఇంకా మెరుగు చేయమని అడగడం న్యాయమే. అడిగే సమయం మాత్రం ఎన్నికలకు ముందు. తర్వాత అయితే కాగితం పట్టుకుని కోర్టుకు వెళ్లాలి.

మనకేం పని అనుకోవద్దు

"మేము ఇక్కడ ఉన్నాం, మాకెందుకు ఈ గొడవ" అనే అన్నదమ్ములకు ఒక మాట. 2024 మే నెలలో పోలింగు తర్వాత పల్నాడు, తాడిపత్రి, చంద్రగిరిలో గొడవలు జరిగాయి. రాళ్లు విసిరిన కుర్రవాళ్ల మీద కేసులు పడ్డాయి. క్రిమినల్ కేసు కోర్టులో పెండింగులో ఉన్నవాడికి పాస్‌పోర్టు నిరాకరించే అధికారాన్ని 1967 పాస్‌పోర్టు చట్టం అధికారులకు ఇచ్చింది. నాయకులు మళ్లీ కలిసిపోతారు, కుర్రవాడు మాత్రం గల్ఫ్‌కు రాలేక ఊళ్లో మిగిలిపోతాడు. మనం ఇక్కడి నుంచి పంపే ఒక్క ఆవేశపు మెసేజ్ అక్కడ మన తమ్ముడి చేతికి రాయి అందించవచ్చు.

అందుకే మేము కోరేది ఇంతే. వచ్చిన ప్రతి వీడియోనూ ముందుకు పంపకండి. అనుమానం ఉంటే "కాగితం ఏది? కేసు వేశారా?" అని అడగండి. ఊళ్లో చదువుకున్న తమ్ముళ్లను, చెల్లెళ్లను బూత్ ఏజెంట్లుగా కూర్చోమనండి, 17-సి కాపీ అడిగి తీసుకోమనండి. విదేశాల్లో ఉన్న భారత పౌరులు ఫారం 6-ఎ ద్వారా ఓటరుగా నమోదు కావచ్చని 2010లో చట్టం సవరించారు. పోలింగు రోజు పాస్‌పోర్టుతో స్వయంగా బూత్‌కు వెళ్లాలి. సెలవు ఆ రోజులకు కుదిరితే తప్పకుండా వెళ్లండి.

1984లో జనం అడిగింది పెద్ద కోరిక కాదు. లెక్క సభలో జరగాలన్నారు, అందరి ముందు జరగాలన్నారు. ఆ ఒక్క మాట మీద పట్టు వదల్లేదు కాబట్టి నెల రోజుల్లో ప్రభుత్వం తిరిగి వచ్చింది. మనకు నచ్చినవాడు గెలిచినప్పుడూ, ఓడినప్పుడూ అదే మాట మీద నిలబడితే చాలు.